నడుంలోతు నీళ్లలో పెట్రోలు జీపు

2023 వర్షాకాలం. ఏలూరులో నేను గ్యారేజీ తెరిచి అప్పటికి రెండేళ్లు. కలిదిండి వైపు నుంచి సూర్యనారాయణ గారనే చేపల రైతు పాత పెట్రోలు జీపు తెచ్చారు.

"నడుంలోతు నీళ్లలో ఇది ఆగకుండా నడవాలండీ. చెయ్యగలరా?"

ఆయన భార్య వరలక్ష్మి గారికి వారానికి మూడుసార్లు ఏలూరులో డయాలసిస్. కొల్లేరు పొంగితే వాళ్ల ఊరి రోడ్డు రెండు ఫర్లాంగులు మునుగుతుంది. అంతకు ముందేడు గాలివాన రోజున పడవవాళ్లు రామన్నారు. ఒక్క డయాలసిస్ తప్పేసరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఆవిడ మూడు రోజులు ఐసీయూలో ఉన్నారు.

గ్యారేజీ గోడ మీద సుద్దముక్కతో పదకొండు పనులు రాశాను. మొదటిది స్నార్కెల్, అంటే ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టాన్ని జీపు టాపు దాకా ఎత్తడం. సిలిండర్లోకి నీరు పోతే ఇంజన్ విరిగిపోతుంది. రెండోది ఇగ్నిషన్. పెట్రోలు ఇంజన్ నిప్పురవ్వతో నడుస్తుంది కాబట్టి ప్లగ్గుల తీగలకీ, డిస్ట్రిబ్యూటర్ మూతకీ సిలికాన్ గ్రీజు పూసి తడి తగలకుండా చేశాను. మూడోది బ్రీదర్లు. వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీలుస్తుంది. దాని గాలిరంధ్రానికి గొట్టం తగిలించి బోనెట్ ఎత్తుకి తెచ్చాను. ముందు భాగానికి టార్పాలిన్ కట్టాను. దాంతో జీపు తోసిన నీరు ముందు అలగా లేచి, వెనక ఇంజన్ దగ్గర మట్టం తగ్గుతుంది. బండి ఆగితే మాత్రం ఆ అల వెనక్కొచ్చేస్తుంది.

ఆయన చెరువులోనే దింపి చూశాం. నాలుగుసార్లు దాటింది. పదకొండింటికీ టిక్కు పెట్టాను.

ఆగస్టులో రోడ్డు మునిగింది. నీరు కదలకుండా నిలిచి ఉంది, రోడ్డు ఎక్కడుందో తెలియడానికి అంచుల వెంట తాటిగుంజలు పాతారు. మర్నాడు డయాలసిస్ ఉందనగా, పొద్దున్నే ఇద్దరం జీపు దింపాం. సగం దూరంలో, నీళ్ల మీద తేలే గుర్రపుడెక్క బంపరు ముందు గడ్డివాములా పోగుపడింది. జీపు ఆగింది. అల తిరిగొచ్చి బోనెట్ మీదికెక్కింది. వెంటనే ఇంజన్ ఆపేశాను. ట్రాక్టరుతో లాగించాం.

మేత వేసే చెరువులో రైతు ఒక్క డెక్క మొక్కనీ బతకనివ్వడు. నేను పరీక్ష చేసింది అలాంటి శుభ్రమైన నీళ్లలో.

"మీ పదకొండింట్లో డెక్క లేదా ఇంజినీరు గారూ?" అన్నారాయన.

"లేదండీ. నాకు తోచలేదు."

"జీపుకేం కాలేదు బాబూ, ముక్కే బాలేదు. మా దోనె చూడండి. డెక్కని తొయ్యదు, చీలుస్తుంది."

ఊళ్లో వెల్డింగ్ షాపులో రెండు ఇనప పైపుల్ని దోనె ముక్కులా అతికించి బంపరుకి బిగించాం. సందుల్లోంచి డెక్క దూరకుండా, చెరువు తూముకి కట్టే వలని ఆయనే దాని చుట్టూ లాగి కట్టారు. తడిసినవన్నీ విప్పి ఆరబెట్టాను. ఇరుసు నూనెలో చుక్క నీరు లేదు. సాయంత్రం ఖాళీ జీపుతో రెండుసార్లు దాటి చూశాం.

మర్నాడు ఆరింటికి వరలక్ష్మి గారు ఎక్కారు.

"చేపలకి ఆక్సిజన్ మెషిన్లు కొత్తవి కొన్నారు. నాకు మాత్రం ఈ డొక్కు జీపు," అన్నారు భర్తతో.

"చేపలు నీలా దెప్పవు కదే," అన్నారాయన.

ఫస్ట్ గేరులో, ఒకే వేగంతో దించాను. డెక్క రెండు పాయలుగా చీలి పక్కలకి జరిగింది. అల ముందే నిలిచింది.

"మరీ ఇంత నెమ్మదా? భయమా బాబూ?" అన్నారు వరలక్ష్మి గారు.

"కాదండీ, ఇదే దీని వేగం."

చక్రాలు పొడి తారు ఎక్కాక ఆవిడ వెనక్కి తిరిగి నీళ్లని చూసి, "అయిపోయిందా?" అన్నారు.

ఆసుపత్రిలో నర్సు గడియారం చూసింది. "మీకు ఎనిమిదింటికి కదండీ. మెషిన్ ఇంకా కడగలేదు."

"కడుక్కోమ్మా, కూర్చుంటాను," అన్నారావిడ దర్జాగా.

ఆ వర్షాకాలం అంతా ఆవిడకి ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు.

ఇంజన్లోకి నీరు రాకుండా ఆపడం నేను చదువుకున్నాను. ఆ నీళ్లలో ఏముందో అక్కడివాళ్లకే తెలుసు. ఇప్పుడు ఎవరు ఇలాంటి పని తెచ్చినా, ముందు వాళ్ల వెంట వెళ్లి ఆ నీళ్లు చూసొస్తాను. బోనెట్ ఆ తర్వాతే ఎత్తుతాను.