నాయనమ్మ పలక పట్టిన ఏడాది

కొత్త మనిషిని బంధువు చేసుకోవడానికి మా నాయనమ్మకు మూడు ప్రశ్నలు చాలేవి. "ఏ ఊరు బిడ్డా మీది?" అని మొదలుపెట్టేది. ఊరు చెప్పగానే, "ఆ ఊర్ల ఎవరింటోళ్ళు?" అనేది. మూడో ప్రశ్న అయ్యేసరికి ఎదుటివాళ్ళ మేనత్తో చిన్నాయనో నల్లగొండ వైపు ఏదో పెళ్ళిలో నాయనమ్మ పక్కన కూర్చుని భోంచేసినట్టు తేలేది. ఒకవేళ తేలకపోతే, "అయితేంది? ఇప్పుడు ఎరుకైంది గద," అని పక్కన చోటు చూపించేది.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక గల్లీలో మేము చాలా ఏళ్ళు కిరాయికి ఉన్నాం. నాన్న మోటార్లకు వైండింగ్ చేసేవాడు. తాత పోయాక నాయనమ్మ ఊరు విడిచి మా దగ్గరికి వచ్చింది. ఆ గల్లీ నిండా ఆడపిల్లల హాస్టళ్ళే. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రం క్లాసులు అయ్యి తిరిగొచ్చే వేళకు నాయనమ్మ మా మెట్ల మీద కూర్చుని ఉండేది. జ్వరమొచ్చిన పిల్లకు మిరియాల చారు పట్టుకెళ్ళేది. ఇంటి మీద బెంగపెట్టుకున్న పిల్లకు సర్వపిండి ముక్క చేతిలో పెట్టేది. ఉద్యోగాలొచ్చో పెళ్ళిళ్ళయ్యో వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఒక్కొక్కరూ నా పాత నోట్‌బుక్‌లో తమ నంబరు రాసి పోయేవాళ్ళు.

నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా నాన్న ఎల్బీనగర్‌లో ఫ్లాట్ కొన్నాడు. ఇప్పుడు మెట్రోలో వెళ్తే మధ్యలో రెండే స్టేషన్లు. అయినా నాయనమ్మకు అది వేరే దేశమే అయ్యింది. మూడో అంతస్తు, మూసిన తలుపులు, లిఫ్టులో కళ్ళెత్తని మనుషులు. అప్పటికి ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్ళు. మాట్లాడటానికి మిగిలింది ఫోన్ ఒక్కటే. చదవడం రాదు కాబట్టి ఆ ఫోన్ కలపాల్సింది నేను.

"గా సూర్యాపేట పిల్లకు చెయ్యి బిడ్డా. కాన్పు దగ్గర పడ్డది." అది అయ్యాక, "గా మిర్యాలగూడ పిల్లకు." గుర్తుపట్టి నొక్కడానికి ఫోన్‌లో ఒక్కో నంబరు పక్కన ఫొటో పెట్టిచ్చాను కానీ, వేలెడంత బొమ్మల్లో ఆమె కంటికి అందరూ ఒకేలా కనిపించేవాళ్ళు.

పరీక్షల ముందు ఒకరోజు ఆ నోట్‌బుక్ పట్టుకుని నాలుగోసారి వచ్చింది. "నాకు చదువుకునేది ఉంది నాయనమ్మా! ఊకె పరేషాన్ చెయ్యకు," అని కసురుకున్నాను. ఆమె నోట్‌బుక్ మూసి, కొంగుతో దాని అట్ట తుడిచి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నా చదువు ఒక్క పేజీ ముందుకు సాగలేదు.

మరునాడు పొద్దున నాయనమ్మ మెట్లు దిగి రెండో అంతస్తులో ఒక తలుపు తట్టింది. ఆ ఇంట్లో గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడే టీచరుగా పనిచేసి రిటైరైన ఒకావిడ ఉండేవారు. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. లిఫ్టు తలుపు సరిగా వెయ్యనందుకు అందరికీ చీవాట్లు పెట్టడం తప్ప ఆవిడ ఎవరితోనూ మాట్లాడగా మేము వినలేదు. ఆ రోజు ఏం జరిగిందో తర్వాత ఆవిడే నవ్వుతూ చెప్పారు.

"టీచరమ్మా, నువ్వు సదువు చెప్తవంట గద. నాకు పేర్లు సదవస్తే సాలు. ఎన్ని దినాలు పడ్తది?"

"ముందు నన్ను 'మీరు' అనడం నేర్చుకోండి."

"గట్లనే. మీరు ఎన్ని దినాల్ల నేర్పిస్తవ్?"

ఏడాది పట్టింది. రోజూ పదకొండు గంటలకు నాయనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని, పలక చంకలో పెట్టుకుని కిందికి వెళ్ళేది. గుణింతాల దాకా బాగానే సాగింది. వత్తుల దగ్గర మొండికేసింది. "అక్షరం కింద గీ తోకలెందుకు? మీదనే రాస్తె పోదా?" అని వాదన. టీచరుగారు 'ఏమిటి' అని రాయమంటే 'ఏంది' అని రాసేది. "నేను అనని మాట నేనెందుకు రాస్తా?" అనేది. మా ఇంట్లోకి వినబడేంత గట్టిగా పోట్లాడుకునేవాళ్ళు. అమ్మ కంగారుపడి, "అత్తమ్మా, ఆమె ఏమన్న అనుకుంటది," అంటే, "అనుకుంటె తలుపెందుకు తీస్తది?" అనేది.

ఒకరోజు టీచరుగారు నన్ను పిలిపించారు. "మీ నాయనమ్మ ఫోన్‌లో పేర్లన్నీ తెలుగులో పెట్టమ్మా. ఆ ఫొటోలు తీసెయ్. బొమ్మ చూసి నొక్కితే చదువెలా వస్తుంది?" అన్నారు. ఆ రోజే కూర్చుని పేర్లన్నీ మార్చాను.

డిగ్రీ అయ్యాక చంపాపేట్‌లో ఒక ఆఫీసులో చేరాను. రెండో వారంలో అనుకుంటా, పనిలో ఉండగా ఫోన్ మోగింది. నాయనమ్మ నంబరు. ఆ ఫోన్ నుంచి నాకు ఎప్పుడూ ఫోన్ వచ్చింది లేదు.

"ఏమైంది నాయనమ్మా?"

"ఏం కాలేదు బిడ్డా. నీ పేరు నేనే సదివి నేనే చేసిన. తిన్నవా?"

ఫోన్‌లో వెనక నుంచి టీచరుగారి గొంతు వినిపించింది. "ముందు రెండుసార్లు తప్పు చదివి వేరేవాళ్ళకి చేసిందమ్మా!"

"వాళ్ళతోటి గూడ మాట్లాడిన," అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. "ఆ రోజు నిన్ను కసురుకున్న. మనసుల పెట్టుకోకు నాయనమ్మా," అన్నాను. "ఏ రోజు?" అని అడిగింది. నిజంగా మర్చిపోయిందో, నా కోసం మర్చిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు హాయిగా బతికింది. పొద్దున చాయ్ తాగి ఫోన్ పట్టుకుంటే వంటయ్యేదాకా మాటలే. హాస్టల్ పిల్లలు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళు. మెట్రో వచ్చాక టీచరుగారిని వెంటబెట్టుకుని అందులో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, పాత గల్లీ అంతా పలకరించి, ఆకుకూరలు కొనుక్కుని తిరిగొచ్చేది. ఆడవాళ్ళ పెట్టెలో సీటు ఇచ్చిన పిల్లను మూడు ప్రశ్నలూ అడిగేది. మొదట్లో కిటికీ వైపు మొహం తిప్పుకున్న టీచరుగారు, కొన్నాళ్ళకు రెండో ప్రశ్న తానే అడగడం మొదలుపెట్టారు.

ఎనభై తొమ్మిదో ఏట, ఒక మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం తిని నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు. మంచాన పడలేదు, దవాఖాన చూడలేదు. నాన్న ఆమె పాదాల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అందరికీ కబురు చెప్పడానికి ఆమె ఫోన్ తీసి వరుసగా చేశాను. ఆ నంబరు నుంచి వేరే గొంతు వినగానే, నేను చెప్పకముందే అందరికీ అర్థమైపోయింది. దశదినకర్మకు ఎంతమంది వచ్చారంటే, రెండో బంతికే అన్నం అయిపోయింది. అమ్మ బెంబేలెత్తిపోతుంటే అపార్ట్‌మెంట్‌లో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. తలా ఒక కుక్కర్ పెట్టారు. పక్క ఫ్లాటులోని క్రైస్తవ కుటుంబం పెద్ద గిన్నెడు పప్పు వండి తెచ్చింది. టీచరుగారు వడ్డనకు నిలబడి, వచ్చినవాళ్ళతో, "నా సర్వీసులో అంత అల్లరి స్టూడెంట్‌ని చూడలేదండీ," అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

ఆ నెలలోనే మా వాచ్‌మన్ భార్య టీచరుగారి ఇంటి ముందు నిలబడి, "అమ్మా, నాకు గూడ నేర్పిస్తరా?" అని అడిగింది. ఇప్పుడు పదకొండు గంటలకు ఆమె వెళ్తోంది. వత్తులు తొందరగా పట్టుకుందని టీచరుగారు మెచ్చుకుంటున్నారు.