ఎర్ర నాచు నీళ్లు

కన్నును చేసినవాడా, సముద్రాన్నీ దాని లోతుల్లో మొలిచేవాటినీ కలగజేసినవాడా, ముందుగా నీకే స్తోత్రం.

అప్పట్లో నేను ధర్మవరం బడిలో టీచర్ని. శనివారం రైలెక్కి పెనుకొండలో అవ్వ దగ్గరికి వచ్చేదాన్ని. స్వదేశం వెళ్లిపోతూ మిషన్ దొరసాని ఒకరు, తమ దేశపు సముద్రం గుర్తుగా, నాకొక అట్ట ఇచ్చారు. దానిమీద తోలుపట్టీలాంటి గోధుమరంగు సముద్రపు నాచు, దాన్నంటుకొని ఉల్లిపొరంత పలుచగా ఎర్ర నాచు, రెండూ ఎండి ఉన్నాయి. ఎర్రది ఆ గోధుమ నాచు మీద తప్ప ఇంకెక్కడా మొలవదట. అట్టను అవ్వ దగ్గరే ఉంచి వెళ్లాను.

మరుసటి శనివారం వాకిట్లో చర్చి సంఘపు స్త్రీలు గ్లాసులతో నిలబడి ఉన్నారు. అవ్వ ఎర్ర నాచును చెంబులో నానబెట్టి, ప్రార్థన చేసి, తలా కొంచెం పోస్తోంది. శుక్లం కమ్మిన తన కంట్లోనూ అవే నీళ్లు.

“మోషే చీల్చిన ఎర్ర సముద్రంలోది మే ఇది! లేకుంటే ఇంత ఎరుపు యాడనుంచి వస్తాది?”

సోమవారం హిందూపురం ఆస్పత్రిలో ఆమెకు ఆపరేషన్. కన్ను అప్పటికే ఎర్రబడి నీరు కారుతోంది. కన్నే పోతుందేమోనని నాకు కాలు నిలవలేదు. లోపలికీ వాకిట్లోకీ తిరిగాను.

“అవ్వా, ఇది దొరసాని దేశపు సముద్రంలోది. కంట్లో పోయొద్దు.”

“నాలుగక్షరాలు నేర్చి సముద్రాన్నే మారుస్తాండావే!”

“మా గ్లాసు నిండినాక చెప్పగూడదా టీచరమ్మా!” అందొకామె. అందరూ నవ్వారు.

నేను బైబిలు తెచ్చి, పాముకాటు నుంచి బతకడానికి మోషే చేసిన ఇత్తడి సర్పానికే తర్వాతి జనం ధూపం వేసి మొక్కడం మొదలుపెట్టిన చోట చదవసాగాను. సగంలోనే అవ్వ చెయ్యెత్తింది. ఆమెకది కంఠతా వచ్చు.

“మోషే చేసిందైనా రాజు పగలగొట్టినాడు,” అని తానే ముగించింది. చెంబు తీసుకెళ్లి మునగచెట్టు మొదట్లో కుమ్మరించింది. “పోండి మే, ఇంట్లో ప్రార్థన చేసుకోండి.”

సోమవారం డాక్టరు కత్తి పట్టలేదు. ఎరుపు తగ్గాక రమ్మన్నాడు. ధర్మవరంలో పాఠం చెబుతూనే రైలు కూత వినిపిస్తే, అవ్వ కబురు ఎవరైనా తెచ్చారేమోనని గుమ్మంలోకి వచ్చేదాన్ని. చివరికి ఆపరేషన్ చేసి కట్టు విప్పినప్పుడు అవ్వకు కిటికీ ఎటుందో తెలిసింది. అక్షరం మాత్రం ఆనలేదు.

ఇది చదువుతున్నవారు ఒక్క నిమిషం ఆగండి. కంటి ఆస్పత్రి వరండాల్లో కూర్చోలేక లేచి తిరుగుతున్నవాళ్లను నాతో కలిసి ప్రభువు ముందు ఉంచండి.