సుద్దగీత దాటిన తుప్పు

మా నూనె కొట్టుకు నేను కొన్న వ్యాను, యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్నది. కొనేటప్పుడు టైర్లు తన్ని, హారను మోగించి, సీటు వాసన చూసి, చెప్పిన ధరను సగానికి సగం తెగ్గొట్టాను. వేలంలో పాడుకుని నాకు అమ్మినవాడు అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది. ఇంటికి తెచ్చి కడిగితే పచ్చరంగుతోపాటు బంకతో అంటించిన గుడ్డ ఊడి వచ్చింది. గుడ్డ వెనక ఉండవలసిన రేకు లేదు.

మా నాయన ఒకటే మాట అన్నాడు. "వచ్చే సంతకు డబ్బాలు దీంట్లో కోయిలకుంట్లకు చేరల్ల. చేరకుంటే దీన్ని అమ్మేసేది, మళ్లా ఎద్దులబండే."

రేకుపని చేసే సాయిబును ఇంటికే పిలిపించాను. బండిని బయటికి పంపితే నేను కొనిచ్చిన మంచి రేకు ఇంకెవరి బండికో పోతుందని నా భయం. "మొత్తానికి ఇంతని మాట్లాడుకుందాం" అన్నాడతను. మొత్తం అనే మాటలో ఎంత లాభం దాగుంటుందో నాకు తెలుసు. నేనూ అట్లాగే అమ్ముతాను మరి. చిల్లికింత అని తేల్చేశాను.

అతను కింద కూర్చుని మొనదేలిన మేకుతో రేకును పొడవడం మొదలుపెట్టాడు. పొడిచిన చోటల్లా చిల్లే. బేరం కుదిరిన గంటకే చిల్లులు పెరుగుతుంటే ఎవరికి అనుమానం రాదు?

"ఏం సాయిబూ, చిల్లులు మూస్తాండావా, పొడుస్తాండావా?"

"గట్టి రేకైతే మేకు దిగదు సావుకారూ. లోపల తుప్పు శానా ఉండాది."

మేకు లాక్కున్నాను. కంటికి కనిపించే చిల్లుల చుట్టూ సుద్దతో గుండ్రాలు గీశాను. "ఇవే. గీత దాటి చెయ్యి పోగూడదు."

"నీ సుద్దగీత యాడుందో చూసుకొని ఆగుతుందా తుప్పు?" అని నవ్వి పనిలో పడ్డాడు. తుప్పు గీకాడు, కిరసనాయిలుతో తుడిచాడు, కొత్త రేకు కత్తిరించి రివెట్లు కొట్టాడు, అడుగున తారు పూశాడు. నేను స్టూలు వేసుకుని, మిగిలిన రేకుముక్కలు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాను.

సంతరోజు నేను తోలుతున్నాను, నాయన పక్కన కూర్చున్నాడు. వంక దిగేచోట బండి ఎగిరిపడింది. నాయన కాలు తన్నిపెట్టాడు. అడుగురేకు విరిగి కాలు మోకాలిదాకా దిగిపోయింది. దెబ్బ తగల్లేదు గానీ చెప్పు రోడ్డు పాలైంది. అతుకులన్నీ భద్రంగా ఉన్నాయి. విరిగింది గీత బయటి రేకు.

ఆ వారం డబ్బాలు ఎద్దులబండిమీదే పోయాయి.

"ఇంక అమ్మేద్దామా నాయనా?" అన్నాను తల వంచుకుని.

"అమ్మల్లంటే కొనేదానికి నీ అట్లాంటోడు కావల్ల. యాడని వెతికేది?"

మర్నాడు నాయనే సాయిబును పిలిపించి, మొత్తానికి మాట్లాడి, మేకు అతని చేతికిచ్చి, నన్ను కొట్లోకి పంపాడు. టక్, టక్ అని పొడుస్తున్న చప్పుడు అక్కడికి వినిపిస్తూనే ఉంది. ఇంకా తొమ్మిది చిల్లులు బయటపడ్డాయి. మొత్తానికి ఒప్పుకున్నవాడికి ఊరికే పొడవాల్సిన అవసరమేముంది? అయినా వాటిలో రెండింటిమీద నాకు అనుమానం ఇప్పటికీ పోలేదు.