సన్నమ్మ పక్కటెముకలు

ఈ మధ్య నా మోకాళ్ళ నొప్పులకు కోడలు వేపనూనెలో పసుపు వేసి కాచి ఇస్తోంది. ఇల్లంతా చేదు వాసన. ఇంటికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం గిన్నె దగ్గరికి లాక్కుని గట్టిగా పీలుస్తాను. ముసలిదానికి పిచ్చి ముదిరిందనుకున్నా సరే. ఆ వాసన తగిలితే చాలు, హిందూపురంలోని ఈ మేడ ఇల్లు పక్కకు తప్పుకుని పెనుకొండలో ఖాదర్ సాబు అరుగు కళ్ళ ముందుకు వచ్చేస్తుంది. ఆ అరుగు మీద గోనెపట్టా, దాని మీద నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకున్న సన్నమ్మ.

డెబ్బైల చివర్లో పెనుకొండలో ఆడపిల్లల బడికి టీచరుగా వచ్చాను. ధర్మవరంలో మగ్గాల చప్పుడు మధ్య, నలుగురు అక్కచెల్లెళ్ళతో పెరిగినదాన్ని. ఒంటరిగా గది అద్దెకు తీసుకుని ఉండడం అదే మొదలు. నోరు మాత్రం అప్పటికే పెద్దది. పక్కింట్లో ఖాదర్ సాబు ఉండేవారు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరైన మనిషి. దిగిన రెండో రోజే ఆయనతో గొడవ పెట్టుకున్నాను. కారణం, ఆయన అరుగు దగ్గర కట్టేసిన కుక్క. పొడుగు మూతి, పొడుగు కాళ్ళు, వెనక కాలికి వెదురు బద్దల కట్టు. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు.

"ఏం సాబూ, తెచ్చి కట్టేస్తే సరా? మూగజీవికి ఇంత కూడు పెట్టేది లేదా?" అని వీధిలోంచే కేకేశాను.

ఆయనకు కోపం రాలేదు. "రాత్రి నాకంటే ఎక్కువే తినింది టీచరమ్మా. దీని జాతే ఇంత. ముధోల్ కుక్క. చెవులపిల్లి కండ్లబడితే గాలి మాదిరి పోతాది. లావుంటే యాడ పరిగెత్తుతాది?" అన్నారు.

మడకశిర వైపు నుంచి కుందేళ్ళ వేటకు వచ్చినవాళ్ళదట అది. గుంతలో పడి కాలు విరిగింది. ఇక పరుగెత్తదని ఆసుపత్రి మెట్ల మీద వదిలేసి పోయారు. ఖాదర్ సాబు భుజాన వేసుకుని ఇంటికి తెచ్చారు. సన్నగా ఉంది కాబట్టి సన్నమ్మ. ఆయన నమాజు తప్పని మనిషి. కుక్క గడప దాటి లోపలికి రాకూడదు, దాని నోరు తగిలితే బట్ట మార్చాలి, చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కోవాలి. దాని కోసమే ఒక పాత లుంగీ, ఒక చెంబు అరుగు మీద విడిగా ఉండేవి. రోజుకు ఎన్నిసార్లు కడుక్కునేవారో! "ఇంత కష్టం ఎందుకు సాబూ మీకు?" అని అడిగాను ఒకసారి. "కడుక్కుంటే పోయేదానికి కష్టమేముండాది?" అన్నారు, నీళ్ళు పోసుకుంటూనే.

నెల తిరక్కుండానే నేను ఆ కుక్క మాయలో పడిపోయాను. బడి నుంచి రాగానే అరుగు మీద కూర్చుంటే అది తన పొడుగు మూతి నా మోకాలి మీద పెట్టి నిట్టూర్చేది. అచ్చం మా అవ్వ లాగే. దాన్ని నాకు ఇచ్చేయమని అడిగాను.

"చానామంది అడిగినారు. ఒకాయప్ప తోటకు కావలి అన్నాడు, ఇదేమో మొరగదు. ఇంకొకాయప్ప మళ్ళీ వేటకే అన్నాడు. నీకెందుకు?"

"నాకు కావాల. అంతే," అన్నాను.

నవ్వారు. "కాలు కుదిరినాక చూద్దాంలే. అది నాలుగు కాళ్ళ మీద నడిస్తే మాట్లాడదాం."

కట్టు విప్పారు. సన్నమ్మ కుంటుతూ నడక మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆయన కూతురు ఫాతిమా కాన్పుకు హిందూపురం వెళ్ళాల్సి వచ్చింది. నెల రోజులు కుక్కను నాకు అప్పగించారు. "జొన్నరొట్టె, మజ్జిగ, ఒక గుడ్డు. అంతే. అది అడిగినా పెట్టొద్దు," అని మరీ మరీ చెప్పి బస్సెక్కారు.

అది అడగలేదు. వీధి అడిగింది. పొద్దున దాన్ని నడిపించుకుని పోతుంటే బావి దగ్గర ఆడవాళ్ళు ఆపేవాళ్ళు. "ఏమమ్మా, సర్కారు జీతం తీసుకుంటాండావు, కుక్కకు ఇంత సంగటి పెట్టలేవా?" బియ్యం అంగడాయన, పాలామె, చివరికి నా క్లాసు పిల్లలు. మాది కరువు సీమ. ఎముక కనబడిందంటే ఎవరో ఎవరినో మాడ్చారనే లెక్క. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదో రోజు నుంచి రెండు పూటలా రాగిసంగటి ముద్దలు, నెయ్యి, వేయించిన చెనక్కాయలు. మూడు వారాలకు ఎముకలు మాయమయ్యాయి. "ఇప్పుడు చూడు, ఎంత కళగా ఉండాదో!" అని వీధంతా మెచ్చుకుంది. నేనూ మురిసిపోయాను, సిగ్గు లేకుండా. ఒక పొద్దున సన్నమ్మ లేవలేదు. అప్పుడప్పుడే అతుక్కున్న కాలు ఆ బరువు మోయలేక వాచిపోయింది. నేను ఎత్తబోతే మూలిగింది.

ఖాదర్ సాబు వచ్చేవరకు నాకు నిద్ర లేదు. కుక్క ఇంక నాకు దక్కదు, అది సరే, అసలు నడుస్తుందా? ఆయన సంచి దింపి, లుంగీ మార్చుకుని దాని పక్కన కూర్చున్నారు. నడుము మీద చెయ్యి వేసి, "ఎముకలు యాడికి పోయినాయి?" అన్నారు. చెప్పాను. బావి దగ్గర మాటలు, అంగడాయన మాటలు, అన్నీ.

"ఎవరి కోసం పెట్టినావు టీచరమ్మా? దీని కోసమా, వీధి కోసమా?"

"ఎముకలు చూసి పెట్టినా. అది కూడా తప్పేనా?" అని అరిచేశాను. ఏడుపు కూడా వచ్చింది.

"తప్పనలేదు. కరువులో గొడ్లను సాకినోణ్ణి, ఎముకలు చూస్తే నాకూ చెయ్యి ముద్ద మీదికే పోతాది. అందుకే కండ్లతో చూడను. ఇట్లా రా." నా అరచేతిని సన్నమ్మ పక్కల మీద పెట్టించారు. "కండ్లు మూసుకో. దానికేం కావాల్నో చెయ్యికి తెలుస్తాది."

కళ్ళు మూసుకున్నాను. ఊపిరి తెలిసింది. కాలి వైపు చెయ్యి పోయేసరికి అది ఒళ్ళంతా బిగబట్టడం తెలిసింది. దానికి నొప్పి, నేను పెట్టింది నెయ్యి.

ఆ రోజు నుంచి రెండు నెలలు పొద్దున, సాయంత్రం వేపనూనె, పసుపు. ఆయన చేశారు, నేను నేర్చుకున్నాను. వీధి మళ్ళీ నన్ను తిట్టింది. తిట్టనిచ్చాను. ఎముకలు మళ్ళీ ఒక్కొక్కటే తేలాయి. ఒక పొద్దున కొండ కింద చేలల్లో సన్నమ్మ తాడు విదిలించుకుని ఊరికే ఒక చుట్టు పరుగెత్తి వచ్చింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా చప్పట్లు కొట్టాం. అప్పుడే ఆయన తాడు నా చేతికిచ్చారు. నాకు నమ్మకం కుదరలేదు. "నేను చేసిన పనికి కూడానా సాబూ?"

"ఆ తప్పు నువ్వు చేసేసినావు కదా. మిగిలినోళ్ళు ఇంకా చెయ్యాల్సి ఉండాది," అన్నారు.

సన్నమ్మ నాతో తొమ్మిదేళ్ళు బతికింది. పెళ్ళిచూపులకు వచ్చినాయన దాన్ని చూసి "పాపం, తిండి పెట్టరా?" అన్నాడు. ఆయన్నే చేసుకున్నాను, నేర్పుకోవచ్చులే అని. నేర్చుకున్నాడు కూడా.

ఎనభైల చివర్లో మేం హిందూపురం మారాం. ఖాదర్ సాబు అప్పటికే ఫాతిమా ఇంట్లో మంచం పట్టారు. కబురు తెలిసి పరుగున వెళ్ళాను. ఎముకల గూడు. ఫాతిమా గిన్నె పట్టుకుని బతిమాలుతోంది. "నువ్వన్నా చెప్పక్కా, నాలుగు ముద్దలు తినమని. వచ్చినోళ్ళంతా మమ్మల్నే అంటాండారు." నా చేతిలోనూ క్యారియరు ఉంది. సంగటి, నెయ్యి. ఆయన క్యారియరు వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఎవరి కోసం తెచ్చినావు టీచరమ్మా?"

గొంతు సగం పోయింది, కానీ అదే మాట, అదే నవ్వు. ఏడ్చేశాను. క్యారియరు గడప బయట పెట్టి వచ్చి, చొక్కా మీదుగా ఆయన వీపున చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. "ఏం కావాల సాబూ?" అన్నాను. ఇన్నాళ్ళూ తినమన్నవాళ్ళే గానీ, ఆ మాట అడిగినవాళ్ళు లేనట్టుంది. దుప్పటిలోంచి కాలు బయటికి జరిపారు.

"కాలు లాగుతాండాది," అన్నారు.

ఫాతిమా పొయ్యి మీదే వేపనూనె కాచాను. ఇద్దరం చెరో కాలు పట్టుకున్నాం. సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినబడేలోపు ఆయన నిద్రపోయారు. ఎన్నాళ్ళకో కునుకు పట్టిందంది ఫాతిమా. ఆ వారంలోనే పోయారు. నా చేతులకు ఆ వాసన రెండు రోజులు ఉంది. కడుక్కోబుద్ధి కాలేదు.

మొన్న కోడలు "అత్తా, బాగా చిక్కిపోయినారు, జనం నన్నే అంటారు" అని రెండో ముద్ద వడ్డించబోయింది. దాని చెయ్యి పట్టుకుని ఆపాను. ఖాదర్ సాబు గొంతే నా నోట్లోంచి వచ్చింది.

"ముద్ద వద్దు తల్లీ, నూనె కాచు. కాలు లాగుతాండాది."