మబ్బు పూట తెల్లగుడ్డ

ఫిబ్రవరి పదకొండు, శనివారం. పొద్దుటినుంచీ ఆకాశమంతా తెల్లటి మబ్బు. కొత్తవాళ్ళకు నక్షత్రాల ఫోటోలు తీయడం నేర్పే గడియారాల మాస్టారు ఆనాడు దుకాణంలోనే ఉన్నారు. గడియారాలు బాగుచేసే మనిషి మాస్టారెలా అయ్యారంటే, అంత ఓపికగా చెప్పేవారిని మరో పేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు.

శిష్యురాలు ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం ఐదింటిలోగా తన మొదటి ఫోటోను ప్రదర్శనకు పంపాలని లాప్‌టాప్, కెమెరా బిగించిన టెలిస్కోపు మోసుకుని వచ్చింది. ఫోటోలో గుండ్రటి బూడిదరంగు మచ్చలు కనబడితే లాప్‌టాప్‌లోనే వాటిమీద నల్లరంగు పూసింది. మచ్చలతోపాటు చుక్కలూ పోయాయి.

"మొహం కడగమంటే ముక్కే చెక్కేశావేమ్మా!" అన్నారు మాస్టారు. "అవి కెమెరాలో పడ్డ దుమ్ము నీడలు. ఫోటో తీశాక టెలిస్కోపు నుంచి కెమెరా విప్పావా?"

"లేదండీ. డ్యూటీకి టైమైపోయి అలాగే సంచిలో కుక్కేశాను. తిట్టకండి."

"తిట్టడమా? నీ బద్ధకానికి దండం పెట్టాలి! విప్పితే నీడలు చోటు మారిపోయేవి."

ఆయన టెలిస్కోపు మూతికి తెల్లగుడ్డ కట్టి, గుమ్మంలోంచి మబ్బుకేసి ఇరవై ఫోటోలు తీయించారు. వాటిలో చుక్కలు లేవు, దుమ్ము నీడలే ఉన్నాయి, అసలు ఫోటోలో ఉన్న చోట్లలోనే. రంగు పూయని అసలు ఫోటోలోంచి కంప్యూటరు ఆ నీడలను మాత్రమే తీసేసింది. నాలుగున్నరకు ఫోటో ప్రదర్శనకు వెళ్ళింది.

తొమ్మిదేళ్ళ తరువాత ఆమెకు మాస్టారి ఉత్తరం వచ్చింది:

"అమ్మాయీ, నా కుడికంట్లో ఒక మచ్చ నిలిచిపోయింది. మందు లేదన్నారు డాక్టరు. రోజూ తెల్లగోడను చూసి అదెక్కడుందో గుర్తుపెట్టుకుంటున్నాను. నిన్న చంద్రుణ్ణి చూసి, అందులోంచి దాన్ని తీసేశాను. చంద్రుడు బాగానే ఉన్నాడు."