సీసపు సైనికుల కళ్ళు

వరుసకు పదహారు మంది. అలాంటివి పదహారు వరుసలు. మొత్తం రెండు వందల యాభై ఆరు మంది గ్రీకు సైనికులు, ఒక్కొక్కడూ నా బొటనవేలి కణుపంత.

1979 జూన్‌లో మా ఆయన చదువుకున్ననాటి స్నేహితుడు లండన్ నుంచి వస్తూ ఆ సీసపు బొమ్మలు తెచ్చాడు. రంగుల్లేవు. మా ఆయన హనుమకొండలో చరిత్ర లెక్చరర్. పాతకాలపు యుద్ధాలను బల్ల మీద పాచికలు వేసి ఆడటం ఆయన సరదా. నేను చేర్యాల బొమ్మలు వేసే ఇంట్లో పుట్టాను కాబట్టి రంగుల పని నాకు వచ్చింది.

పుట్టింట్లో ఆడవాళ్ళం రంగులు నూరేవాళ్ళం, బొమ్మల చీరలకు రంగు నింపేవాళ్ళం. కళ్ళు మాత్రం మగవాళ్ళే పెట్టాలి. అన్నీ అయ్యాక, చివరన, స్నానం చేసి మా నాయన పెట్టేవాడు. నేను పెడతానని ఒకసారి అడిగాను.

"నువ్వు బంక కలుపు బిడ్డా. గది గూడ పనే" అన్నాడు.

ఈ సైనికులకు మా ఇంటి పద్ధతిలోనే వేశాను. చింతగింజల అంబలిలో సుద్ద కలిపి పూత, దాని మీద బంక రంగులు. ప్రతి డాలు మీద ఎనిమిది కిరణాల చుక్క. అంటే 2,048 గీతలు. ఈటెలు మనిషికి మూడింతలు ఉండాలని ఆయన పుస్తకం చూసి చెబితే ఇనుప తీగ కోసి అమర్చాను. ముందు ఐదు వరుసలవి ముందుకు చాచి, మిగతా పదకొండు వరుసలవి పైకెత్తి. పదహారు నెలలు పట్టింది. ఆఖరున తలస్నానం చేసి, ఉడుత వెంట్రుకల కుంచెతో నాలుగు రోజుల్లో ఐదు వందల పన్నెండు కళ్ళు పెట్టాను. నలభై ఒకటో ఏట, మొదటిసారి.

"తడి తగలనియ్యకుండ్రి" అని ఆయనకు రెండుసార్లు చెప్పాను. పేపరులోంచి తల ఎత్తకుండా ఊఁ అన్నారు.

దీపావళి వెళ్ళాక ఆయన గురువుగారు హైదరాబాద్ నుంచి వచ్చారు. భూతద్దం పెట్టి చూశారు.

"ఎవరు వేశారయ్యా ఇవి?"

నేను చాయ్ కప్పులతో గుమ్మంలో ఉన్నాను.

"నేనే సార్. కాలేజీ నుంచి వచ్చినంక రోజు జర్రంత ఏసిన" అన్నారు మా ఆయన.

"ఈ కళ్ళు కూడానా?"

"కండ్లే కష్టమైనయి సార్."

"ఏం రంగులు?"

ఆయన నా వైపు చూడలేదు. "ఇనామిల్ సార్."

"ఇనామిలైతే నీళ్ళకు ఫికర్ లేదు. దుమ్ము పట్టింది, కడుగు. ఫోటో తీస్తా."

"ఏమే, జర సబ్బునీళ్ళు తే" అని ఆయన నన్నే పిలిచారు.

తెచ్చాను. గిన్నె బల్ల మీద పెట్టి వెనక్కి నిలబడ్డాను. ముందు వరుస పదహారు మందినీ మా ఆయన ముంచారు. మొదట పోయినవి కళ్ళే. అన్నిటికన్నా పైన ఉన్నవి అవే కదా. తర్వాత నీళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇదేం ఇనామిలయ్యా!" అని గురువుగారు నవ్వారు.

మా ఆయన వంటింట్లోకి వచ్చారు. "నోరు లేదా నీకు? జెప్పద్దా?"

"రెండుసార్లు జెప్పిన."

"సరే, పదహారే గద. మళ్ళ ఏయి."

"ఏసినాయన్నే ఏయమనుండ్రి."

వేయలేదు. చాచిన ఈటెలు కాబట్టి వాళ్ళను వెనక దాచడానికీ కుదరలేదు, ముందున్నవాళ్ళ వీపులకు గుచ్చుకుంటాయి. 1988లో ఆయన ఆట మానేసేదాకా ఆ పదహారు మందీ వట్టి సీసంగానే ముందు నిలబడ్డారు. వచ్చినవాళ్ళు అడిగితే ఆయన "పని మిగిలింది" అనేవారు.

ముప్పై రెండు కళ్ళు. గుమ్మంలో కడగొద్దని ఒక్క మాట అని ఉంటే మిగిలేవి. మిగిలి, ఆయనవి అయ్యేవి.