మరక కనబడని గోడ

గోడ కనబడితే చెయ్యి రుద్దకుండా ఉండలేకపోవడం మా అన్నయ్య గుణం. లోకంలో మనుషులు గోడలకు మేకులు కొడతారు, పటాలు తగిలిస్తారు, పనిలేనప్పుడు చెవులు కూడా ఆనిస్తారు. మా అన్నయ్య ఇవేవీ చెయ్యడు. ముందు తల నిమురుకుంటాడు. ఆ తలమీద వెంట్రుకలు గతవైభవానికి ఆనవాళ్ళుగా మాత్రమే మిగిలినా, నూనె మాత్రం పాత మోతాదులోనే రాస్తాడు కనుక అరచెయ్యి నిగనిగలాడుతుంది. ఆ చేతిని గోడకు వేసి ఒక్క రుద్దు రుద్ది, వెనక్కు జరిగి, ఒక కన్ను మూసి తీర్పు చెబుతాడు.

"మరక కనబడుతోంది. పనికిరాదు."

వృత్తిరీత్యా ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. తక్కెడలో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తాడు. ఆయన వస్తున్నాడంటే అదివరకు వ్యాపారులు తూకపురాళ్ళు సర్దుకునేవాళ్ళు. ఈ గుణం పట్టుకున్నాక గోడకు అడ్డంగా నిలబడడం కూడా నేర్చుకున్నారు.

ఒకసారి పన్ను నొప్పికి ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడి గోడలకు లేత గోధుమ రంగు. అన్నయ్య నొప్పి మరిచిపోయి తల నిమురుకున్నాడు. నేను ఆపేలోపే పని జరిగిపోయింది.

"ఏంటి సార్ అది?" అంది నర్సు.

"గోడ చూస్తున్నానమ్మా."

"చూడ్డానికి కళ్ళున్నాయిగా సార్, చేతులెందుకు?"

"మంచి రంగే. పేరేమిటి?"

"నా పేరెందుకు సార్ మీకు?"

"నీది కాదమ్మా, గోడది."

ఆ రోజు డాక్టరు పీకవలసిన పన్నే పీకాడు గానీ, పీకడంలో కొంత వ్యక్తిగతమైన ఆసక్తి కనబరిచాడని అన్నయ్య ఇప్పటికీ ఫిర్యాదు చేస్తుంటాడు.

ఇదేమీ పుట్టుకతో వచ్చింది కాదు. ఇంటికి రంగులు వేయించాలని మా వదిన సంకల్పించిన తరవాత పుట్టింది. మా వదిన ప్రధానోపాధ్యాయురాలు. ఆవిడ బడిలో దుమ్ము కూడా వరసలో నిలబడుతుందని ప్రతీతి. పాత రంగు గీకించి, గోడలన్నిటికీ ముందుగా తెల్లటి ప్రైమరు పూయించింది. రెండో రోజుకల్లా వసారా గోడమీద నడుం ఎత్తున, ఈ చివర్నుంచి ఆ చివరికి, జిడ్డుచేతి మరకలు వరసగా వెలిశాయి.

"ఎవరివీ చేతులు?" అంది వదిన. ఇంట్లోనే అంది గానీ, వీధిలో ఇద్దరు పిల్లలు తమ చేతులు వెనక దాచుకున్నారు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "నావే."

"ఇన్నేళ్ళుగా లేనిది ఇప్పుడు గోడ పట్టుకుని నడవడమేమిటండీ?"

"పట్టుకోలేదు. పరీక్షించాను. మరక కనబడని గోడే గోడ."

ఆ సిద్ధాంతం అప్పటికప్పుడే పుట్టిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కానీ మా అన్నయ్య ఒకమాట అన్నాడంటే, ఆ మాట కోసం బతకడం మొదలుపెడతాడు. ఆ సాయంత్రమే ఎదురింటివాళ్ళ గోడతో ప్రారంభించాడు.

ఇంట్లో మరో మనిషి కూడా ఉంది. వదిన వాళ్ళమ్మగారు. మా అన్నయ్యంటే ఆవిడకు ఎంతో గౌరవం. ఆ గౌరవాన్ని పూటకొక్కసారైనా ఎత్తిపొడుపుగా మార్చి వడ్డించకపోతే ఆవిడకు తోచదు. మోకాళ్ళు మొరాయిస్తున్నా చేతికర్ర ముట్టుకోదు. "కర్ర ముసలాళ్ళకి" అంటుంది, ఎనభైకి చేరువలో ఉండి. రోజూ పొద్దున్నే వెనక గదిలోంచి వసారా మీదుగా మెల్లగా ముందుగదిలోకి వచ్చి, కిటికీ పక్కన కుర్చీలో కూచుని, వీధి మొత్తానికి లోటుపాట్లు చెప్పేది. ప్రైమరు పూసిన మూడో రోజు నుంచి మానేసింది. "ఆ వాసన నాకు పడదు" అని గదిలోనే ఉండిపోయింది. ఎత్తిపొడుపులు మాత్రం తలుపు సందులోంచి యథావిధిగా వచ్చేవి.

"అల్లుడుగారికి ఇంకా రంగు దొరకలేదుటే అమ్మాయ్? పెళ్ళికి ఒక్కపూటలో ఒప్పుకున్నారే!"

"అందుకేనండీ అత్తయ్యగారూ, ఈసారి జాగ్రత్తపడుతున్నాను."

లేత గోధుమ రంగు వెయ్యాలన్నదాకా మొగుడూపెళ్ళాలకు పేచీ లేదు. ఏ లేత, ఎంత గోధుమ అన్నచోటే బండి ఆగింది. రంగుల కొట్టువాడు షేడ్ కార్డు పరిచాడు. వేయించిన నువ్వులు, సాయంకాలపు ఇసుక, బాదం నీడ. అన్నయ్య ఒక్కొక్కదాన్నీ గుమ్మం దగ్గర వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇంకొంచెం వెచ్చగా ఉండాలి."

"రంగుకి జ్వరం తెప్పించే మిషను మా దగ్గర లేదు సార్."

"ఇది ఎరుపెక్కింది. ఇది పసుపెక్కింది. ఇదేమో నీరసంగా ఉంది."

కొట్టువాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సార్, మీరు కాబట్టి చెబుతున్నా. ఇవన్నీ ఒకటే రంగు. పేర్లే వేరు. బయట అనకండి."

వదిలితే మా అన్నయ్య ఎలా అవుతాడు! నమూనా డబ్బాలు తెచ్చి, హాలు గోడనిండా చతురస్రాలు పూసి, ఆరాక ఒక్కొక్కదానిమీదా చెయ్యి రుద్దాడు. ఆ గోడ చివరికి మాసికలేసిన గుడారంలా తయారైంది. చూసినవాళ్ళు ఇంట్లో ఏదో అంటువ్యాధి ఉందేమోనని గుమ్మంలోనే ఆగి క్షేమం అడిగి పోయేవాళ్ళు.

వదిన సహనం ఒక బుధవారం నాడు దివంగతమైంది.

"ఆదివారం పనివాళ్ళు వస్తారు. ఈలోగా మీరు తేల్చారా సరే. లేదా ఇల్లంతా తెలుపే."

"తెలుపా?" అన్నాడు అన్నయ్య. ఉద్యోగం ఊడిందని చెప్పినా ఆయన ముఖం అంతగా పాలిపోయేది కాదు. "తెలుపు మీద అన్నీ కనబడతాయి!"

"మీరు రుద్దకపోతే ఏమీ కనబడదు!"

ఇందులో తర్కదోషం లేదని నేను కూడా ఒప్పుకున్నాను. తక్కువ తూకం వేసిన కొట్టువాణ్ణి చూసినట్టు అన్నయ్య నావైపు చూశాడు.

అప్పుడే కూరలమ్మి కిటికీ దగ్గర బుట్ట దించి ఖాళీ కుర్చీలోకి తొంగి చూసింది. "పెద్దమ్మగారు లేరా? ఈమధ్య నా వంకాయల్ని తిట్టేవాళ్ళే కరువైపోయారు బాబూ, బేరం చప్పగా ఉంది."

వదిన సంచీ తీసుకుని బయటికెళ్ళింది. అన్నయ్య ఆ కుర్చీ వంక చూసి, మళ్ళీ రంగుల కొట్టుకు బయల్దేరాడు.

శనివారం నేను వెళ్ళేసరికి ఆయన అత్తగారి గది గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అత్తయ్యగారూ, మీ తలనూనె ఒక్క చుక్క ఇప్పిస్తారా?"

"ఆ నాలుగు వెంట్రుకలకి నా మూలికల నూనె దేనికండీ? వాటి మానాన వాటిని పోనివ్వండి."

"ఒక్క చుక్కే."

"తీసుకోండి. మొలిస్తే నాకూ చెప్పండి."

ఆ నూనె ముదురు రంగుది, చిక్కటిది. అన్నయ్య దాన్ని అరచేతిలో పులుముకుని నన్ను వసారాలోకి లాక్కెళ్ళాడు. అక్కడ కొత్తగా ఒకటే చతురస్రం ఉంది. పాలు కాస్త ఎక్కువైన టీ రంగు. తలుపు దాటాలంటే తల వంచుకునే మనిషి, మోకాళ్ళు మడిచి, నడుం ఎత్తున ఆ చతురస్రం మీద చెయ్యి జార్చాడు.

"ఒరేయ్, చూసి చెప్పు. మరక కనబడుతోందా?"

నేను దగ్గరికెళ్ళి చూశాను. దూరం నుంచి చూశాను. పక్కనుంచి చూశాను. "లేదు."

"సరిగ్గా చూడు. నా మీద గౌరవంతో చెప్పకు."

"నీ మీద గౌరవంతో నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు. నిజంగానే లేదు. అది సరే, అలా కూలబడి రుద్దడమెందుకు?"

"చెయ్యి అక్కడికే కదా వచ్చేది."

"ఎవరి చెయ్యి?"

అన్నయ్య పైకప్పును శ్రద్ధగా పరిశీలించాడు. నేను ఆ చతురస్రాన్నీ, నా తల ఎత్తునుండే ఆయన భుజాన్నీ, వెనక గది తలుపునూ ఒకదాని తరవాత ఒకటి చూశాను. కొలతలు కుదిరాయి.

"పైకప్పుకి వేరే రంగు వేద్దామా?" అన్నాడు.

"నీ ఇష్టం" అన్నాను.

ఆదివారం పనివాళ్ళు వచ్చారు. ఇల్లంతా పాలెక్కువైన టీ అయింది. వాసన పోయేదాకా తలుపులూ కిటికీలూ బార్లా తెరిపించి, ఒక సాయంత్రం అన్నయ్య వసారా మధ్యలో నిలబడి, నాతో మాట్లాడుతున్నట్టుగా, ఊరంతటికీ వినబడేలా ప్రకటించాడు.

"ఒరేయ్! ఈ గోడమీద ఎవరు, ఎప్పుడు, ఎన్నిసార్లు చెయ్యి వేసినా సరే, ఏమీ కనబడదురా! నేను స్వయంగా పరీక్షించాను! ముద్ర వేసిన తూకపురాయి ఎంత నమ్మకమో, ఇదీ అంతే!"

"పక్కనే ఉన్నాను. చెవి దగ్గర ఎందుకరుస్తావు?"

"నీకు కాదులే" అన్నాడు నెమ్మదిగా.

మర్నాడు పొద్దున కూరలమ్మి కేకతో వీధి నిద్రలేచింది. "పుచ్చులేంటమ్మా! నవనవలాడుతుంటే!" కిటికీ పక్క కుర్చీలో పెద్దావిడ కొలువుదీరింది. అన్నయ్య కాఫీ గ్లాసు పట్టుకుని అటుగా వెళ్ళాడు.

"ఏం రంగండీ అల్లుడుగారూ ఇది? కడగని టీ గ్లాసులా ఉంది!"

"నచ్చిందాండీ?"

"కళ్ళకి చల్లగానే ఉందిలెండి" అని, వీధిలోకి తిరిగింది.

కథ ఇక్కడితో కంచికి చేరేదే. కానీ నెల తిరక్కుండానే, మేమంతా ముందుగదిలో ఉన్నప్పుడు, వదిన ఖాళీ నూనెసీసా పట్టుకుని వచ్చింది. "అమ్మా, ఈ మడ్డినూనె ఇంకెన్నాళ్ళు? మంచి సువాసనది, నీళ్ళలా తేటగా ఉండేది వచ్చింది. రేపు అది తెస్తాను."

"వీల్లేదు!" అన్నయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "నూనె మార్చడానికి వీల్లేదు! అదే ఉండాలి! అదే రకం, అదే రంగు!"

వదిన మొగుణ్ణి చూసింది. కుర్చీ చేతిమీదున్న తల్లి అరచేతిని చూసింది. తరవాత తెరిచిన తలుపులోంచి, వసారా గోడను నడుం ఎత్తున ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది. కనబడని దుమ్మును కూడా పట్టుకోగల కళ్ళు అవి.

"సరే, అదే తెండి. రెండు సీసాలు తెండి" అంది. ఆ రోజు నుంచి గోడలు తుడిచే గుడ్డ వసారా దాకా వచ్చి వెనక్కు తిరిగిపోతోంది.

పెద్దావిడ కూతురి వైపు వంగి, అందరికీ వినబడే రహస్యస్వరంలో అంది. "ఇప్పించవే, పాపం. ఆ చుక్కకి నిజంగానే రెండు మొలిచినట్టున్నాయి."